అమావాస్య నాడు కుదిరిన యంత్రం

ఆదోని బళ్ళారి జిల్లాను విడిచి కర్నూలు జిల్లాలో చేరిన కొత్తల్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. బోర్డు మీద అలాగే రాసుకున్నాను. ఊళ్లోవాళ్లు మాత్రం ‘రేడియోలు విప్పే ఆయన’ అనేవారు.

రేడియోలో స్టేషన్లు చోటు తప్పితే, మనకు తెలిసిన సంకేతం ఒకటి పంపి, అది గట్టిగా పలికేదాకా లోపలి మరలు తిప్పాలి. ఆ సంకేతం పుట్టించే యంత్రాన్ని పాత వాల్వుతో నేనే కట్టాను. లోపల కరెంటు ఊగితేనే సంకేతం పుడుతుంది, ఆ ఊగుడు ఎప్పుడూ ఒకే బలంతో ఉండాలి. లేకపోతే శబ్దం పెరిగింది నేను మర తిప్పినందుకా, యంత్రానికి హుషారు పుట్టినందుకా అన్నది తేలదు. బలం కంటికి కనబడాలని టార్చి బల్బు తగిలించాను. వాల్వుకు అందే వోల్టేజీని తగ్గించి పెంచడానికి గుండ్రటి మీట పెట్టాను.

ఒక పగలంతా పరీక్షించాను. బల్బు రెప్ప వేస్తే ఒట్టు. మీట ముట్టుకునే పనే పడలేదు. నేను మీసం మెలేసిన ఆ రోజు అమావాస్య. అమావాస్యకు ఆదోనిలో పత్తి మిల్లులన్నీ మూస్తారు. ఆ నిలకడ నా పనితనానిది కాదు, కరెంటును కుదిపే మిల్లుల సెలవుది. అది నాకు తర్వాత గాని తట్టలేదు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘం నుంచి కబురొచ్చింది. వాళ్ల భజన బృందాన్ని రేడియో స్టేషనువాళ్లు పిలిపించుకున్నారు. పాట ఆ సాయంత్రమే. సంఘం రేడియో ఏమో, కరెంటు రాకముందు కొన్న బ్యాటరీ పెట్టె, ఏ స్టేషన్‌లోనూ నిలవకుండా గురగురమంటోంది. యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

సంఘం గదిలో, పాడబోయే ఆయన భార్య గడప దగ్గరే కూర్చుని ఉంది.

“మా ఇంటాయన పాట ఇనపడకపోతే నిన్ను ఊరు దాటనియ్యమప్పా,” అంది, మంచినీళ్ల చెంబు అందిస్తూ.

యంత్రాన్ని గోడ కరెంటుకు తగిలించి, రేడియో మర తిప్పాను. శబ్దం పెరిగింది. ఆహా అనుకునేలోపు పడిపోయింది. వెనక్కి తిప్పితే పెరిగింది. తిప్పకపోయినా పెరిగింది! బల్బు చూస్తే మండుతోంది, మలుగుతోంది. గోడ అవతల కరెంటు పిండిమిషన్. జొన్నలు పోసినప్పుడల్లా కరెంటు కుంగిపోతోంది.

వెళ్లి, కాసేపు ఆపమని బతిమాలాను. గంపలతో నిలబడ్డ ఆడవాళ్లు జవాబిచ్చారు.

“రేడియోకు ఆకలైతాదా అన్నా? మాకైతాది.”

“ఆపుతాం లే. రాత్రికి రొట్టెలు నువ్వే వచ్చి తట్టిపో.”

తిరిగొచ్చాను. మీటకొక చెయ్యి, మరకొక చెయ్యి, బల్బుకొక కన్ను, రేడియోకొక చెవి. అవయవాలు లెక్కకు సరిపోయాయి గాని బుర్రే చాల్లేదు. ఊగిసలాట యంత్రంలో పుట్టాలి, నాలో పుట్టింది. పొద్దు వాలుతోంది.

“ఏమప్పా, ఆ బుడ్డిదాన్ని సూసి అట్ల పండ్లు కొరుకుతాండావు?” అంది గడప దగ్గరున్న పాటగాడి భార్య.

“ఈ బల్బు ఒకే ఎరుపులో ఉండాలమ్మా. ఉండి చావదే!”

“అంతేనా? జరుగు.”

ఆమె మీట పట్టుకుంది. లాంతరు వత్తి సరిచేసినట్టు, బల్బు ఎగిసినప్పుడల్లా దించింది, కుంగినప్పుడల్లా ఎత్తింది. గోడ అవతల ఎన్ని జొన్నలు పోసినా ఎరుపు మారలేదు.

“ఇన్నేండ్లూ నేను సేసిందేముంది? ఆయప్ప అరిస్తే మెల్లగ అనేది, బిగుసుకుంటే పలకరించేది.”

నేను మరలు తిప్పాను. స్టేషను కుదురుకుంది.

సాయంత్రం గది నిండిపోయి జనం వీధిలోకి పొర్లారు. ముందు హార్మోనియం, ఆ వెనుక ఆయన గొంతు. ఎవరో ఈల వేశారు, ఎవరో వాణ్ణి కసిరారు. ఆమె నా యంత్రం పక్కనుంచి లేవలేదు. దాని వైరు నేను ఎప్పుడో పీకేశాను, మీట ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని చివరికంటా పైకి తిప్పేసింది.

“ఇంట్లో అంత అరుస్తాడు,” అంది, రేడియో వైపే చూస్తూ. “ఈడ ఇంకొంచెం గట్టిగ పాడొచ్చు గదా!”