రబ్బర్ల డబ్బా

ఆర్ట్ కాలేజీ డ్రాయింగ్ మాస్టారి చొక్కా జేబు ఎప్పుడూ బొగ్గుపొడితో నల్లగా ఉండేది. కొత్త పిల్లలు చేరినరోజే గుమ్మంలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడి, అందరి రబ్బర్లూ అందులో వేయించుకునేవారు. "తప్పు గీతని ఉండనివ్వండర్రా, పక్కనే సరిగ్గా గీయండి. కోర్సయ్యాక ఎవరివి వాళ్లకిచ్చేస్తా" అనేవారు. ఒకసారి బోర్డు మీద గుర్రం వేస్తూ ఆయనే ఒక కాలు వంకరగా గీశారు. చెయ్యి డస్టరు మీదికి పోయింది. క్లాసంతా చూస్తోంది. నాలుక్కరుచుకుని, డస్టరునీ డబ్బాలో పడేసి, పక్కనే మరో కాలు గీశారు. ఆ ఐదుకాళ్ల గుర్రం వారంపాటు బోర్డు మీదే ఉంది. రిటైరైననాడు డబ్బా తెరిస్తే, ముప్ఫయ్యేళ్ల రబ్బర్లు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. "ఒక్కళ్లూ వెనక్కి అడగలేదే తల్లీ!" అన్నారు, తన చోట చేరిన పాత శిష్యురాలితో. "ఇక క్లాసు నీది. ఈ డస్టరన్నా తీసుకో." ఆమె అందుకుంది. మళ్లీ డబ్బాలోనే వేసి మూత పెట్టింది.