నేను చూడని సీసా

మా పెద్ద గుమాస్తా గారు పోయిన శుక్రవారం తిరుమలగిరిలో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. ఆయన కూతురు ఫోనులో చెప్పింది: "మా అబ్బా పోయిండ్రమ్మా. మీకు తప్పక చెప్పుమని ముందే అని పెట్టిండ్రు." తన కబురు అందవలసిన వాళ్ళలో ఆయన నన్ను కూడా చేర్చుకున్నారు. అందుకు నేను తగినదాన్ని కాను. ఎందుకు కానో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం, సికింద్రాబాదు స్టేషను దగ్గరి సుంకాల గోదాములో ఉద్యోగంలో చేరాను. రసాయనశాస్త్రంలో పట్టా, ఎవరి సిఫార్సూ లేకుండా గెలుచుకున్న కుర్చీ. విదేశాల నుంచి కాలేజీలకూ ఆసుపత్రులకూ వచ్చే రసాయనాలను సుంకాల పట్టికలో ఏ తరగతి కింద రాయాలో తేల్చడం మా పని. రంగుల కిందనా, మందుల కిందనా, ప్రయోగశాల సరుకు కిందనా అన్నదాన్ని బట్టి సుంకం మారేది. పెద్ద గుమాస్తా గారు చదివింది ఉర్దూ మిడిల్ వరకే. అయినా ఏ సీసానూ చీటీ చూసి రాసేవారు కాదు. పెట్టెలో నింపిన రంపపు పొట్టులోంచి రెండు చేతులతో తీసి, కిటికీ వెలుగుకు ఎత్తి, నెమ్మదిగా వాల్చి చూసేవారు. "పేరుదేమున్నది బిడ్డా, ఎవరో పెట్టింది. లోపలేమున్నదో చూడాలె," అనేవారు.

ఒకనాడు పిక్రిక్ ఆమ్లం సీసాలు వచ్చాయి. ఆసుపత్రి ప్రయోగశాల తెప్పించుకున్న పసుపుపచ్చని పలుకులు. అవి పొడిగా ఉంటే పేలే ప్రమాదం ఉంది. నీళ్ళలో మునిగి ఉంటే పరీక్షలకు వాడే సరుకు. ఆయన ప్రయోగశాల రసాయనమని రాశారు. కాగితం మీద పేరు చదివి నేను, "సాబ్, ఇది పేలుడు పదార్థం," అన్నాను.

"సీసా చూసినవా?"

"చూడనక్కర్లేదు. పుస్తకంలో ఉంది."

ఆయన హమాలీల వైపు తిరిగారు. "అరే, జెర దూరం జరుగుండ్రి. బీఎస్సీ బిడ్డ పుస్తకం తెరిస్తే గోదాం పేలిపోతదంట!"

అందరూ పకపకా నవ్వారు. అందులో ఎగతాళి కంటే మురిపెమే ఎక్కువని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నా చెవులు మండాయి. ఆ పూటే చక్కని ఇంగ్లీషులో పై అధికారికి ఫిర్యాదు రాశాను.

ఆ రోజులు ఎటువంటివో నాకు తెలియనిది కాదు. ముస్లిం గుమాస్తా, పేలుడు పదార్థం: ఈ రెండు మాటలూ ఒకే కాగితం మీద పడితే ఏమవుతుందో ఊరంతటికీ తెలుసు. అధికారి నన్ను పిలిచి ఒక్కటే అడిగారు: "సీసాలు స్వయంగా చూశారా?"

"చూశాను," అన్నాను.

ఆయనను నాలుగు రోజులు ఠాణాలో కూర్చోబెట్టి, ఆపైన ఉద్యోగంలోంచి తీసేశారు. వారం తిరిగేసరికి ఆ సీసాలను పట్టికలోకి ఎక్కించే పని నాకే వచ్చింది. మొదటిసారి ఒకదాన్ని కిటికీ దగ్గరికి ఎత్తాను. పలుకుల మీద రెండు వేళ్ళ ఎత్తున నీళ్ళు. ఆయన రాసిన తరగతినే మళ్ళీ రాసి, కింద నా సంతకం పెట్టాను. అధికారి గది పది అడుగుల దూరం. నేను వెళ్ళలేదు.

చాలా ఏళ్ళకు రెజిమెంటల్ బజార్‌లో కనిపించారు. ఒక దుకాణం అరుగు మీద కూర్చుని వర్తకులకు సుంకం కాగితాలు నింపి పెడుతున్నారు.

"ఏందమ్మా, గిట్ల చిక్కిపోయినవు? నౌకరీ మంచిగున్నదా?"

"సాబ్, ఆ సీసాల్లో నీళ్ళున్నాయి."

"ఉండక ఏడికి పోతయి? నేను చూసిన కద!" అని నవ్వి, చాయ్ తెప్పించారు. "తాగు, చల్లారుతది."

చూడకుండానే చూశానన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. చాయ్ తాగి వచ్చేశాను. ఎవరి ముందూ తల వంచలేదని జీవితమంతా గొప్పగా చెప్పుకున్నదాన్ని. వంచవలసిన చోట కూడా వంచలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగబోతూ, తెలియకుండానే గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి వాల్చాను.

"మా అబ్బా సుత గిట్లనే చూసేటోళ్ళు," అందామె. "ఏమన్న పడ్డదా అమ్మా?"

"నేను చూడలేదమ్మా," అన్నాను. "ఆ రోజు సీసా చూడకుండానే చూశానని చెప్పాను. మీ నాన్నగారి నౌకరీ అందుకే పోయింది."

నా చేతిలోని నీళ్ళు, ఆ వెలుగులో, ఎంతసేపటికీ నిలకడకు రాలేదు.