నాలుగో నంబరు ప్రెస్సు గార్డు

రామ్‌దీన్ ఆ గార్డు తీయలేదు. తీసింది నేను. తీయించింది కంపెనీ. రెండు వేళ్ళూ, వాటి వెనకే ఉద్యోగమూ పోయింది మాత్రం రామ్‌దీన్‌కి.

1994 సంగతి. ఘాజియాబాద్‌లో రేకుతో ఫ్యాను విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఫిట్టర్ని. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. దర్యాగంజ్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఫ్యాక్టరీల చట్టం కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని, లక్ష్మీ నగర్ గదిలో ఏడాదిపాటు చదివాను. కదిలే యంత్రానికి రక్షణ కంచె ఉండి తీరాలనే ఇరవై ఒకటో సెక్షను నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

పవర్ ప్రెస్‌లో పైనుంచి ర్యామ్ అనే ఇనుప దిమ్మ దిగి, కింద డై మీద పెట్టిన రేకును ఒక్క దెబ్బతో కోస్తుంది. రేకు పెట్టేది చేత్తో, ర్యామ్‌ను దించేది కాలితో పెడల్ తొక్కి. చెయ్యి డై దాకా పోకుండా ముందు బిగించే ఇనుప జాలీయే గార్డు. అది ఉంటే రేకును పటకారుతో లోపలికి తొయ్యాలి, పని నెమ్మదిస్తుంది. అందుకే మా గార్డులు పసుపురంగు పూసుకుని టూల్ రూమ్ మేకులకు వేలాడేవి.

ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో ఆఫీసుకు ముందురోజే తెలిసిపోయేది. ఇక పెళ్ళిచూపుల హడావుడే. నేలకు చీపురు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కొత్త దూది, ప్రెస్సులకు గార్డులు. నేను స్పానర్ పట్టుకుని నాలుగో నంబరు దగ్గరికి వెళితే దాని ఆపరేటరు రామ్‌దీన్ నవ్వేవాడు.

"ఏం భయ్యా, దుల్హన్‌కి ముసుగేస్తున్నావా? సాయంత్రానికి మళ్ళీ తీసేదేగా!"

"నోరు మూసుకుని పక్కకి జరుగు," అని నేనూ నవ్వేవాణ్ణి. నవ్వాను. అదీ ఇక్కడ రాయాలి.

ఆ జూలైలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు, టీ తాగాడు, చూశాడు, వెళ్ళాడు. జీపు గేటు దాటగానే ఫోర్‌మన్ వేలు ఆడించాడు. నేను గార్డులన్నీ విప్పేశాను. మూడో రోజు పొద్దున నాలుగో నంబరు క్లచ్ పట్టు తప్పి, పెడల్ తొక్కకుండానే ర్యామ్ రెండోసారి దిగింది. డబుల్ స్ట్రోక్ అంటాం దాన్ని. గార్డు ఉంటే ఉత్త చప్పుడుతో పోయేది. రామ్‌దీన్ కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి.

ప్రమాదం నోటీసులో "కార్మికుడు స్వయంగా గార్డు తొలగించెను" అని రాశారు. రక్షణ సాధనాలను కార్మికుడు కావాలని చెడగొట్టరాదనే సెక్షను ఒకటుంది, నూట పదకొండోది. యజమానిని కట్టడి చేసే సెక్షన్లన్నీ వదిలేసి, ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకొచ్చి వాడి మీద డొమెస్టిక్ ఎంక్వయిరీ పెట్టారు. అంటే కంపెనీ తానే జరిపే విచారణ. ఫిర్యాదీ వాళ్ళే, జడ్జీ వాళ్ళే. సాక్షిని నేను.

పర్సనెల్ ఆఫీసరు మూర్తిగారిది మన కాకినాడే. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే. ఎంక్వయిరీకి ముందురోజు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఏమోయ్ అప్పారావ్, ఇన్‌స్పెక్షన్ నాడు గార్డు బిగించావా లేదా?"

"బిగించానండి. కానీ సాయంత్రం ఫోర్‌మన్..."

"నేనడిగింది బిగించావా అని. తీసిన సంగతి నిన్నెవరడిగారు? ఊరు కాని ఊళ్ళో నిన్ను నేను చూసుకుంటున్నాను. నువ్వేమో వాడెవడి కోసమో నీ కడుపు కొట్టుకుంటానంటావు."

ఎంక్వయిరీలో అంతే అడిగారు, అంతే చెప్పాను. చివర్లో రామ్‌దీన్‌కి నన్ను ప్రశ్నించే అవకాశం ఇచ్చారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అప్పారావ్ భయ్యా, గార్డు ఎవరు తీశారో ఒక్కమాట చెప్పు. బస్."

మూర్తిగారు కాగితాల్లోకి చూస్తున్నారు. నేనూ ఆ కాగితాలనే చూశాను.

"నాకు తెలియదు."

పదిహేను రోజుల్లో వాణ్ణి పనిలోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు పట్టుకుని గేటు బయట నా కోసం ఆగాడు.

"రోజూ ఆ కితాబ్ చదువుతావుగా భయ్యా. మొన్న నువ్వు చేసినదానికి అందులో ఏ సెక్షన్ ఉందో చూసి చెప్పు."

నోరు విప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఓఖ్లాలో ఇంకో పని దొరికాక, అవును, దొరికాకే, ఘాజియాబాద్ కచేరీ ముందు కూర్చునే టైపిస్టు చేత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు ఉత్తరం కొట్టించాను. గార్డు తీసింది నేను, ఫోర్‌మన్ తీయమంటే తీశాను, ఎంక్వయిరీలో అబద్ధమాడాను, రామ్‌దీన్ మీద వేసిన నింద కొట్టేయించండి, ఒక్కసారి చెప్పకుండా వచ్చి ఆ ప్రెస్సులు చూడండి అని. సంతకం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, నకలు రామ్‌దీన్‌కి ఇచ్చాను. నింద పోతే మళ్ళీ పనిలోకి తీసుకుంటారని వాడికి ఆశ పుట్టింది. పుట్టించినవాణ్ణీ నేనే. ప్రతి ఆదివారం ఘాజియాబాద్ నుంచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడేవాడు.

"జవాబు వచ్చిందా?"

"రాలేదు. లోపలికి రా, టీ తాగు."

"అచ్ఛా, రాలేదా," అని అట్నుంచి అటే వెళ్ళిపోయేవాడు.

నాలుగు రిమైండర్లు పంపాను. ఈలోపు వాడు రావడం తగ్గింది, తర్వాత మానేశాడు. సొంతూరు పోయాడని ఎవరో చెప్పారు.

ఆ కంపెనీ మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఆ కేసు నాకు నేర్పిన పాఠం నా గురించే. నిజం చెప్పడానికీ ఒక వేళంటూ ఉంటుంది. ఆ గదిలో, వాడు అడిగిన క్షణాన చెప్పి ఉంటే అది సాక్ష్యం అయ్యేది. ఏడు నెలలు పోయాక అదే మాట, పని మానేసినవాడి కక్ష అయింది.

రెండేళ్ళకు ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి బదులు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టే తెలుగులో పెడుతున్నాను:

"మీ ఫిర్యాదుపై, యాజమాన్యమునకు ముందుగా తెలియజేసి, నాలుగవ నంబరు ప్రెస్సును తనిఖీ చేయడమైనది. గార్డు సక్రమముగా అమర్చి ఉన్నది. కార్మికుని తొలగింపు యాజమాన్యపు అంతర్గత విషయము. ఫైలు మూసివేయడమైనది."