కెమెరాకు పరిచిన పత్తి

మొన్న మా తమ్ముడి కూతురు, మిరప చేలమీద మందు కొట్టే డ్రోను తాలూకు రిమోటు, కెమెరా దాచుకోవడానికి ఒక పెట్టె తెప్పించి, “అత్తా, ఇది సరిపోతుందా చూడు” అంటూ నా ముందు మూత తీసింది. పైన గట్టి నల్లటి డొప్ప, లోపల మందపాటి ఫోము, ఏ వస్తువు గుంట ఆ వస్తువుకు. వేలితో నొక్కితే అణిగి, వేలు తీయగానే లేచి నిలబడింది. “నన్నడక్కు, మీ నాన్నను అడుగు” అని బయటికి వచ్చేశాను.

నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, సింగారించి రాయడం నాకు చేతకాదు. తొంభైల చివర్లో, పర్చూరు వైపు మా ఊళ్లలో పెళ్లికి వీడియో తీయించుకోవడం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, అమ్మ పోయాక నా చేతులమీద పెరిగిన తమ్ముడు ఎలాగో ఒక వీడియో కెమెరా సంపాదించుకున్నాడు. దాన్ని తువ్వాల్లో చుట్టి, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాడు. దానికో మంచి పెట్టె కావాలని నన్ను గుంటూరు తీసుకెళ్లాడు. షాపాయన ఫోము పెట్టె చూపించి, నేలమీద పడేసి మరీ గట్టితనం చూపించాడు. తమ్ముడి కళ్లు దానిమీదే ఉన్నాయి. నేను మాత్రం, “ఇంటినిండా పత్తి పెట్టుకుని స్పాంజి కొంటారా ఎవరైనా?” అన్నాను.

“పత్తి ఒకసారి అణిగితే మళ్లీ లేవదమ్మా. పైగా నూగు మిషన్లోకి పోద్ది” అన్నాడాయన.

“పుట్టిన కాణ్ణుంచీ పత్తి ఏరుతున్నా, నాకు చెప్తావా నువ్వు?” అన్నాను.

తమ్ముడు ఆ పెట్టె మూత మెల్లగా వేసి, “అక్క చెప్పింది కదండీ, వద్దులెండి” అని నా వెనకే మెట్లు దిగాడు. ఆయన చెప్పింది నిజమని వాడికి తెలుసు. నలుగురిలో అక్క మాట తీసెయ్యడం ఇష్టంలేక ఊరుకున్నాడు, అంతే.

ఇంటికొచ్చి నా పెళ్లినాటి రేకు పెట్టె ఖాళీ చేసి, గింజ తీసిన తెల్లటి పత్తి నా చేత్తోనే పరిచి, పైన ఇంకాస్త కప్పి, మురిసిపోయాను. ఆ వారమే వాడరేవులో ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. సముద్రం చూద్దువుగాని రమ్మంటే నేనూ బయల్దేరాను. గతుకుల దారిలో ఆటో ఎగిరెగిరి పడింది. పందిట్లో పెట్టె తెరిస్తే పత్తంతా మూలలకు చేరి ఉండలు కట్టింది, కెమెరా ఒట్టి రేకుమీద పడుంది. అద్దం అంచు పగిలింది, క్యాసెట్టు పెట్టే సందులో నూగు. గుడ్డతో తుడిచి ఎలాగో మొదలుపెట్టాడు గాని, సరిగ్గా తాళి కట్టే వేళకు టేపు చుట్టుకుపోయి అది ఆగిపోయింది.

పెళ్లికూతురి తండ్రి పందిరంతా వినబడేలా, “ఏరా, నీకోసం మా పిల్ల మెళ్లో తాళి తెంపి మళ్లీ కట్టించమంటావా?” అన్నాడు. తమ్ముడు తల దించుకుని, “నా చెయ్యి జారిందండి, తప్పు నాదే” అన్నాడు. నేను వాడికి రెండడుగుల దూరంలో, చేతిలో పెళ్లివారిచ్చిన తాంబూలంతో, నోరు మెదపకుండా నిలబడ్డాను. ఊరిమీద ఎవరినైనా నిలబెట్టి కడిగేసే నోరు నాది.

ఆ కబురు చుట్టుపక్కల పాకి, పెళ్లికి వాణ్ణి పిలిచేవాళ్లు లేకపోయారు. కెమెరా బాగుపడలేదు. వాడు చీమకుర్తి వెళ్లి రాయి కోసే యూనిట్లో చేరి, ఏళ్లతరబడి ఆ రంపాల హోరులో పనిచేసి, చెవులు బాగా మందగించాక ఇంటికొచ్చాడు. ఏనాడూ ఆ పత్తి మాట ఎత్తలేదు.

ఈ కాలం పిల్లలు పెద్దలకు ఎదురు చెబుతున్నారని నా ఈడువాళ్లు గొణుక్కుంటుంటే నేను వాళ్లతో గొంతు కలపలేను. గుంటూరులో ఆ షాపు మెట్లమీద వాడు ఒక్కసారి ఎదురు తిరిగి ఉంటే ఎంత బాగుండేదో నాకు తెలుసు. ఈమధ్య ఒకటి రెండుసార్లు పక్కన కూర్చుని, ఆనాటి తప్పు నాదేరా అని చెప్పబోయాను. వాడికి సగమే వినబడుతుంది. అక్క ఏదో పని పురమాయిస్తోందనుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, “సరేలే అక్కా, అట్టాగే చేద్దాం” అంటూ లేస్తాడు.