తండ్రికి నీళ్ళిచ్చిన సన్నివేశం, ఎతిరాజులయ్య ఫిడేలు

ఎతిరాజులు నాయుడుగారు ఇక లేరన్న వార్త నాకు రికార్డింగు థియేటర్లో, వాద్యబృందమంతా సిద్ధమై కూర్చున్న వేళ అందింది. తిరుత్తణి నుంచి ఆయన అల్లుడు టెలిఫోను చేసి, పొద్దున కళ్ళంలో వేరుశనగకాయలు ఎండబోస్తూ కూలబడ్డారనీ, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ అరవంలో చెప్పాడు. అయినా నేను ఆ పూట పని ఆపలేదు. చేతిలో ఉన్న రీలు పూర్తిచేసే బయలుదేరాను. చేరేసరికి దహనం అయిపోయింది. గురువు ముఖం కడసారి చూసుకోని శిష్యుడు ఆయన సంస్మరణకు పూనుకోవడం సాహసమే. కానీ అంతకు మించిన దోషం నా మీద ఉంది గనుక రాయక తప్పదు.

పాఠకుల్లో చాలామందికి ఆయన పేరు తెలియదు. ఆయన ఫిడేలు వినని వారు మాత్రం అరుదు. మద్రాసులో తయారైన ఎన్నో చిత్రాల నేపథ్యసంగీతంలో, వయొలిన్ల చివరి వరుసలో, ఏ ప్రకటనలోనూ పేరు పడకుండా పదిహేనేళ్ళు వాయించారు. కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గరి పల్లెలో తెలుగు సేద్యగాళ్ళ ఇంట పుట్టి తిరుత్తణిలో కాపురం పెట్టారు. తెల్లవారి రైలుకు మద్రాసు పోయి, సాయంత్రం తిరిగివచ్చి, కాళ్ళు కడుక్కుని, మా నలుగురైదుగురికి పాఠం చెప్పేవారు. అలసట అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

నేనప్పుడు తిరువళ్ళూరులో ఒక రైసుమిల్లు గుమాస్తాను. పాతికేళ్ళు దాటాక ఫిడేలు పట్టినవాణ్ణి. ఒకనాడు పాఠం మానేసి నన్ను కనకమ్మ సత్రం టూరింగు టాకీసుకు తీసుకుపోయారు. మొదటి ఆట. ఇసుకలో తెరకు వీపు పెట్టి కూర్చోమన్నారు. చుట్టూ జనం నన్ను చూసి నవ్వుతున్నారు. అరగంట గడిచాక, ఇప్పుడు బొమ్మలో ఉండే ఆడబిడ్డకు వచ్చింది భయమా కోపమా అని అడిగారు. వాద్యాల ఉరవడి విని కోపమన్నాను. తిరిగి చూడమన్నారు. తెరమీద ఆ పిల్ల భయంతో ముడుచుకుపోయి ఉంది.

"చూసినావా, ఫిడేళ్ళు అబద్ధం చెప్పినాయి," అన్నారు. "బొమ్మలో ఉండేవాళ్ళకు ఎంత తెలుసునో మనకూ అంతే తెలియాలప్పా. అంతకంటే ముందే మనం ఏడిస్తే కథ చెడిపోతాది."

నేపథ్యసంగీతం గురించి ఆ తరువాత నేను నేర్చుకున్నదంతా ఈ రెండు మాటలకు వ్యాఖ్యానమే.

ఆయనే నన్నొక పేరున్న సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేర్పించారు. స్వరాలు కాగితాలమీద ఎత్తిరాసి వాద్యకారులకు పంచడం నా పని. ఎనభైల మొదట్లో ఒక చిత్రానికి రీరికార్డింగు, అంటే బొమ్మ చూస్తూ నేపథ్యసంగీతం నింపడం, జరుగుతోంది. చెయ్యని నేరానికి పన్నెండేళ్ళు జైల్లో ఉన్న తండ్రి ఊరికి వస్తాడు. వాకిట్లో కూతురుంటుంది. తండ్రిని గుర్తుపట్టదు. దాహమంటే ఎవరో బాటసారి అనుకుని చెంబుతో నీళ్ళిస్తుంది. చిత్రానికంతటికీ ప్రాణం ఆ సన్నివేశమే. మా సంగీత దర్శకుడు దానికి పన్నెండు ఫిడేళ్ళతో శోకం రాశారు. రెండుసార్లు బొమ్మ వేసి వాయించాం. అందరి కళ్ళూ చెమర్చాయి గానీ ఏదో కుదరలేదని దర్శకుడే విసుక్కుని భోజనాలకు వదిలారు.

బయట టీ తాగుతూ ఎతిరాజులయ్య నన్ను పక్కకు పిలిచారు. "ఆ బిడ్డకు తెలీదు గదా ఆయన నాయనని. మనం ఏడ్చి చెప్పేస్తే ఎట్ల? నీళ్ళిచ్చేదాకా సుమ్మా ఉండాల, ఊరక, ఏ సత్తమూ సద్దూ ఉండకూడదు. చెంబు తీసుకుని లోపలికి పోతా గడపకాడ నిలబడతాది సూడు, ఏదో తోచినట్ల, ఆడ ఒక్క ఫిడేలు మొదలుపెడితే చాలు. నేను చెప్తే చివరి వరుసోడు ఏంది చెప్పేది అంటారు. నువ్వు పోయి చెప్పప్పా."

నేను పోయి చెప్పాను. దర్శకుడు బొమ్మ మళ్ళీ వేయించి చూసి, ఇది నీకే తోచిందా అని అడిగారు. మా గురువుగారు చెప్పమన్నారని అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నేను తలూపాను.

ఆ ఒక్క ఫిడేలు వాయించింది ఎతిరాజులయ్యే. రికార్డింగు ముగిశాక దర్శకుడు మైకులో, ఈ ఆలోచన మా కుర్రవాడిదని నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. వాద్యకారులు చప్పట్లు కొట్టారు. ఆయన కమానుకు గుగ్గిలం రుద్దుకుంటున్న చెయ్యి ఆపి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, తానూ చప్పట్లు కొట్టారు. ఆయన ముఖం వైపు నేను చూడలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే రైల్లో వచ్చాం. తిరువళ్ళూరు దాకా ఆయన వానల గురించీ, మడిలో వేసిన విత్తనం గురించీ మాట్లాడారు. నేను దిగేటప్పుడు రేపు కాగితాలు మరిచిపోవద్దని హెచ్చరించారు. అంతే. ఆయన నిలదీసి ఉంటే కాళ్ళమీద పడేవాణ్ణి. ఆయన అడగకపోవడాన్ని నేను క్షమగా లెక్కవేసుకుని సుఖంగా నిద్రపోయాను.

చిత్రం విజయవంతమైంది. నీళ్ళిచ్చిన సన్నివేశం గురించి పత్రికలు రాశాయి. దాని మూలంగానే నాకు స్వతంత్రంగా చిత్రాలు వచ్చాయి. మొదటి మూడింటికి ఆయన్ను పిలిచాను. మీటలు నొక్కితే పన్నెండు ఫిడేళ్ళు పలికే కీబోర్డు వచ్చాక పిలవడం మానేశాను. యంత్రం వచ్చిందన్నది అందరికీ చెప్పిన కారణం. ఆయన ఎదుట కూర్చుని ఉంటే నా చెయ్యి ఎత్తి సంజ్ఞ ఇవ్వలేకపోయేవాణ్ణన్నది అసలు కారణం.

రెండేళ్ళ కిందట ధైర్యం కూడగట్టుకుని తిరుత్తణి వెళ్ళాను. ఆ తండ్రి సన్నివేశం గురించి ఒక మాట చెప్పాలయ్యా అని మొదలుపెట్టాను. ఆయన ఎవరి ఫిడేలుకో తీగ బిగిస్తున్నారు. "దాన్ని సుమ్మా ఉండనీ అప్పా. భోంచేసినావా?" అన్నారు. నేను భోజనం చేసి వచ్చేశాను.

పదకొండో రోజున మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య రుక్కమ్మగారు నా చెయ్యి పట్టుకుని బంధువుల ముందుకు తీసుకుపోయారు. "ఈ అబ్బే. తండ్రికి నీళ్ళిచ్చే సీను చేసినోడు ఈ అబ్బే. ఆయన ఊరంతా చెప్పినాడు, నా శిష్యుడు చేసినాడు, నాకు కూడా అట్ల తోచిండదు అని."

కట్టుకున్న భార్యకు కూడా ఆయన నిజం చెప్పలేదు. నా అబద్ధాన్ని తన నోటితో నిజం చేసి, తెలిసినవాళ్ళందరికీ గర్వంగా పంచి వెళ్ళిపోయారు. అప్పుడైనా నోరు విప్పవలసింది. ఆ ముసలమ్మ ముఖంలోని సంతోషం చూసి చేతులు జోడించి నిలబడ్డాను. మరొకసారి తలూపాను.

ఆ సన్నివేశం ఎతిరాజులు నాయుడుగారిది. ఆలోచన ఆయనది, వాయించిన చెయ్యీ ఆయనది. తన విద్యనూ, దాని వెంట వచ్చిన కీర్తినీ ఒకే చేత్తో దానం చేసిన అటువంటి మహానుభావుడు మా కళారంగంలో మళ్ళీ పుడతాడని నేననుకోను. ఆ పుణ్యమూర్తికి సాష్టాంగ ప్రణామం.

ఇది అచ్చయ్యాక ఒక ప్రతి ఆయన ఇంటికి చేరుతుంది. రుక్కమ్మగారికి చదువు రాదు. కూతురూ అల్లుడూ అరవ బడిలో చదువుకున్నవాళ్ళు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడు ఆయనొక్కడే. కనుక ఈ ఆదివారం రైలెక్కి వెళ్ళి, వాళ్ళ ఎదుట కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాలి.