దో నంబర్ సూరి

భిలాయి క్యాంప్ 2లో ఫోటోల అప్పలసూరిని ఎవరైనా "దో నంబర్ భయ్యా" అని పిలిస్తే, పక్కనున్న కొత్తవాళ్ళు జేబులు తడుముకునేవారు. హిందీలో దో నంబర్ అంటే దొంగ వ్యవహారం మరి. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారు కదా. సూరి సంగతి దానికి తిరగేసిన మాట. ఒక్క అబద్ధం ఆడాలంటే మూడుసార్లు దగ్గే మనిషి. ఆ పేరు అతనికి జోగమ్మ కూతురి పెళ్ళి ఫోటోతో వచ్చింది.

సూరిది విజయనగరం వైపు. సైకిల్ షాపు పక్కన ఒక్క గది, అదే స్టూడియో. మెడలో వేలాడే పెట్టె కెమెరా, పైనుంచి తలవంచి చూసి తీసేది. నొక్కితే చప్పుడు పక్కవాడికి కూడా వినబడదు. అందరి ముందూ "ఒకటీ, రెండూ, మూడూ" అని గట్టిగా లెక్కపెట్టేవాడు గానీ, నొక్కడం మాత్రం "రెండు" దగ్గరే. మూడనేసరికి జనం ఊపిరి బిగబట్టి గుడ్లు మిటకరిస్తారనీ, రెండు దగ్గర ఇంకా మనుషుల్లాగే ఉంటారనీ అతని నమ్మకం. ఈ గుట్టు పెళ్ళానికి కూడా చెప్పలేదు.

డెబ్బయ్యేడు మే నెల. జోగమ్మ కూతురు కనకలత పెళ్ళి. వరుడు బలరాం రాజహరా గనుల్లో ఫిట్టరు. తెల్లారి పెళ్ళికూతుర్ని చేస్తుంటే సూరి వెళ్ళాడు. కనకలత ముస్తాబు మధ్యలో అతన్ని దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించి అంది:

"బాబాయ్, మిగతావి ఎలా వచ్చినా పర్వాలేదు. అమ్మతో ఒక్క ఫోటో కావాలి. మా ఇంట్లో అమ్మ ఫోటోయే లేదు. రేపు నేను రాజహరా వెళ్ళిపోతాను. తీస్తావా? పక్కా?"

"పక్కా" అన్నాడు సూరి. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ఎందుకంటే జోగమ్మ సంగతి అతనికి తెలుసు.

జోగమ్మ భర్త పదేళ్ళ కిందట పచ్చకామెర్లతో పోయాడు. ఆమె జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి, ఆ పిల్లని మెట్రిక్ దాకా చదివించింది. ఇంత చేసిన తల్లి, కూతురి పెళ్ళిలో మాత్రం తన నీడ కూడా పందిట్లో పడకూడదంటుంది.

జడ వేస్తున్నప్పుడు సూరి కెమెరా ఎత్తాడు. ఆమె సగం జడ వదిలేసి లేచిపోయింది.

"గంజి పొంగిపోతంది, బావూ."

"పొయ్యి ఇంకా ఎలిగించనేదు కదొదినా!"

"అయితే ఎలిగించాల" అని లోపలికెళ్ళిపోయింది.

పదిన్నరకి ముహూర్తం. పీటల మీద జోగమ్మ మరిదీ తోడికోడలూ కూర్చుని కన్యాదానం చేశారు. జీలకర్రా బెల్లం పెట్టే వేళ సూరి వెతికాడు. పందిరి వెనక వేలాడే టార్పాలిన్ కింద రెండు పాదాలు కనిపించాయి. సిమెంటుకి పగిలిన మడమలు. ఆ పాదాల్ని చూసి సూరికి కళ్ళు చెమర్చాయి. అప్పగింతలప్పుడూ అంతే, కూతుర్ని కావిలించుకున్నంతసేపూ ఆమె ముఖం మీద కొంగు తొలగలేదు.

సూరి దగ్గర ఉన్నవి రెండు ఫిలిం రోళ్ళు. రోలుకి పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు ఫోటోలు. సాయంత్రం నాలుగింటికి సెక్టర్ 4లో మగపెళ్ళివారి క్వార్టర్ ముందు రిసెప్షన్ మొదలయ్యేసరికి ఇరవై మూడు అయిపోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ వరుడి తల్లి తులసమ్మకి మాటిచ్చినది. కుటుంబమంతా కలిసిన పెద్ద ఫోటో, ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టుకోడానికి. తులసమ్మ నోరంటే సెక్టర్ మొత్తానికి హడల్.

ఆమె నడిమధ్య కుర్చీలో కూర్చుంది. వెనక కొడుకూ కోడలూ, చుట్టూ బంధువులు. జోగమ్మ దూరంగా లడ్డూల పళ్ళెం పట్టుకుని నిలబడింది. సూరి కనకలత వైపు చూశాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చెయ్యి మెల్లగా వెనక జడలోకి పోయింది, పిన్ను ఊడింది.

"అమ్మా, పూలు జారిపోతున్నాయి!"

జోగమ్మ పళ్ళెం పక్కనపెట్టి పరుగున వచ్చింది. "నువ్వు లెక్కెట్టు బావూ. మూడనేలోగా ఎలిపోతాను."

సూరి కెమెరాలోకి తల వంచాడు. "ఒకటీ..."

పూలు సర్దింది. కూతురి గడ్డం పట్టుకుని ఇటు తిప్పి చూసుకుంది. కనకలత ఏదో అంది. జోగమ్మ ఫక్కున నవ్వింది.

"రెండూ..."

వేలు తన పని తను చేసేసింది.

జోగమ్మ తప్పుకుంది. "మూడు!" అన్నాడు సూరి. అందరూ పోలీస్ స్టేషన్లో నిలబడ్డట్టు బిగుసుకున్నారు. అతను మూడుసార్లు దగ్గి, "బాగా వచ్చింది" అన్నాడు.

వారం తరవాత ఆ ఫోటో పట్టుకుని సెక్టర్ 4కి వెళ్ళాడు. సెలవు పెట్టుకుని వచ్చిన బలరాం చూసి, లెక్కకట్టి, పడీపడీ నవ్వాడు.

"అత్త మూడుకి ముందే వెళ్ళిపోయింది కదా. అంటే దో పే ఖీంచా, రెండుకే లాగేశారు! అరే, మీరైతే దో నంబర్ ఆద్మీ, భయ్యా!"

సూరి నవ్వలేదు, తులసమ్మనే చూస్తున్నాడు. ఆమె ఫోటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అందులో ఆమె కెమెరా వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి, ఆ తల్లీకూతుళ్ళ నవ్వు చూసి తనూ మురిసిపోతోంది.

"నాను ఇలగ నవ్వుతానేటి?" అంది. తరవాత కొడుకుతో, "ఇదే పెద్దది సేయించు. గోడకెట్టాల" అంది.

ఇంకో కాపీ తీసుకుని సూరి తిన్నగా క్యాంప్ 2కి తొక్కాడు. జోగమ్మ అప్పుడే పని నించి వచ్చింది, తలంతా సిమెంటు బూడిద. చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది.

"నాను ఎలిపోనాను కదా, బావూ?"

"నేదొదినా" అన్నాడు సూరి. ఈసారి దగ్గలేదు. "నువ్వున్నావు."