సుభద్ర ఆంటీ అతికించిన చీటీలు

సుభద్ర ఆంటీ ఇక లేరు.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా రాజేశ్ మెసేజ్ పెట్టాడు, అమ్మ పొద్దున్న నిద్రలోనే పోయిందని. ఎవరి అమ్మ అనుకున్నాను ఒక నిమిషం. మాకు ఆవిడ ఆంటీయే తప్ప, ఇంకెవరికో అమ్మ అని ఎప్పుడూ తోచలేదు.

తర్వాత వెళ్ళి కార్లో కూర్చున్నాను. మీటింగ్ ఉందన్న సంగతి కూడా గుర్తు లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆక్లండ్ మౌంట్ రాస్కిల్‌లో మా వెనక వీధి ఆవిడది. పుట్టింది ఫిజీలో, లబాసా దగ్గర. వాళ్ళ నానమ్మ విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వెళ్ళిందట. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా అమ్మాయి అహనని స్కూల్ నుంచి తెచ్చి, తిండి పెట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నది ఆవిడే.

స్కూల్ లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసే వాలంటీర్ ఆంటీ. ఎవరూ తీసుకోవడం లేదని లైబ్రరీ వాళ్ళు వదిలించుకుంటున్న ఒక సెట్టుని ఓసారి ఇంటికి మోసుకొచ్చారు. పిల్లల కోసం రాసిన అమెరికా చరిత్ర. ఇరవయ్యో శతాబ్దం మొత్తం, పదేళ్ళకొకటి చొప్పున పది పుస్తకాలు.

ఆక్లండ్‌లో ఉన్న ఫిజీ ఆంటీకి అమెరికా చరిత్ర దేనికని ఏడిపించాను.

"మనోళ్ళ మీద ఇలాంటి బుక్కు ఎవులూ రాయలేదు కదమ్మా. దీంట్లో పక్కన జాగా చాలా ఉన్నాది," అన్నారు.

నిజమే, మార్జిన్లు బాగా వెడల్పు. ఆ జాగాలో పసుపుపచ్చ చీటీలు అతికించడం మొదలుపెట్టారు. అమెరికాలో అది జరుగుతున్నప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారో ఆ చీటీలో ఉండేది. ఆంటీకి తెలుగు రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారు.

కార్ల ఫ్యాక్టరీ ఫోటో పక్కన వాళ్ళ నానమ్మ అచ్చమ్మ ఓడ దిగిన రోజు.

చంద్రుడి మీద మనిషి దిగిన పేజీలో ఇంకోటి. ఆ రోజు ఆంటీ తోటలోకి అన్నం తీసుకెళ్ళి, రేడియోలో ఇలా చెప్పారు నాన్నా అన్నారట. ఆయన కత్తి పక్కన పెట్టి పైకి చూసి, ఏమీ అగుపడలేదని, మళ్ళీ చెరకు కొట్టుకున్నారట.

మా అహనకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు, చదవడం అసలే రాదు. అలాంటిది ఆ చీటీలు గడగడా చదివేసేది. నా కూతురు మొదటిసారి తెలుగు చదివింది అమెరికా చరిత్ర పుస్తకంలో. నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు నాకు.

ఇయర్ ఫోర్‌లో ఉన్నప్పుడు క్లాసులో మీ పూర్వీకుల గురించి చెప్పమన్నారు. మహాతల్లి ఆ పుస్తకం పట్టుకెళ్ళి, మా తాతమ్మ అచ్చమ్మ ఓడెక్కి అమెరికా వెళ్ళింది, కార్ల ఫ్యాక్టరీ పక్కనే చెరకు కొట్టింది అని చెప్పి వచ్చింది. టీచర్ నాకు ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది.

నాకు ఒళ్ళు మండింది. దీనికి సొంత తాతమ్మలు లేరా? నేరుగా వెళ్ళి ఆంటీని దులిపేశాను. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక నెమ్మదిగా అన్నారు.

"మీవోళ్ళ చీటీ నువ్వివ్వలేదు కదమ్మా. పిల్ల ఉన్నదే చెప్పుకున్నాది."



మాది అవనిగడ్డ వైపు. డెబ్బై ఏడు ఉప్పెనలో మా అమ్మ చెల్లెలు పోయింది. అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. అడగకూడదని చిన్నప్పుడే తెలిసిపోయింది. ఆ పిన్ని పేరు కూడా నాకు తెలియదు.

ఇదే చెప్పాను ఆంటీకి. ఆవిడ డెబ్బైల పుస్తకం తీసి, పెట్రోల్ కోసం కార్లు బారులు తీరిన పేజీలో ఒక ఖాళీ చీటీ అతికించి నా చేతిలో పెట్టారు.

అప్పటినుంచి కనిపిస్తే చాలు, ఒకటే ప్రశ్న. అమ్మని అడిగినావా?

ఈ వీకెండ్ అడుగుతా ఆంటీ.

నాలుగేళ్ళు. పోయిన వారం మూల మీది డెయిరీ కొట్లో పాలు కొంటూ కనిపించి కూడా అదే అడిగారు. నేనూ అదే జవాబు చెప్పాను. ఇంకాసేపు నిలబడి మాట్లాడినా బాగుండేది.

ఈరోజు ఇండియాలో తెల్లవారేదాకా ఆగి అమ్మకి ఫోన్ చేశాను. ఆంటీ పోయారని చెప్పాను. చీటీ సంగతి చెప్పాను. పిన్ని పేరేంటమ్మా అని అడిగాను.

"ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదే," అంది.

తర్వాత గంటన్నర మాట్లాడింది.

పిన్ని పేరు మంగ. ఐదేళ్ళు. అమ్మకి కుట్టించిన కొత్త పరికిణీ తనకే కావాలని ఏడిస్తే, ఉప్పెన వచ్చిన రోజు పొద్దున అమ్మే కట్టిందట. పొడుగైపోయి, నేల మీద ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగిందట. అది చెప్తూ అమ్మ నవ్వింది. తర్వాత ఏడ్చింది. మళ్ళీ మంగ గురించే చెప్పింది.

ఆంటీ, చీటీ నింపాను. మీలాగే ఇంగ్లీషు అక్షరాలతో. జాగా చాలక పక్కన ఇంకోటి అతికించాను. అహన పైకి చదివి, పరికిణీ అంటే ఏంటమ్మా అని అడిగింది.

మీకు చూపిద్దామని పుస్తకం పట్టుకుని లేచాను. చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

అమ్మని అడిగాను ఆంటీ. ఇక నిశ్చింతగా పడుకోండి.